ఉప్పు గోడకు శాలువా

ముత్యాలరేవులో దొంగతనాన్ని ఇంకా సిగ్గుచేటుగా భావిస్తున్న రోజుల్లో తాళ్లూరి సువర్చలమ్మగారు ‘సూదిమొన’ అనే వారపత్రికను ప్రారంభించారు. అది గౌరవప్రదంగా మారిన తరువాత కూడా ఆ పత్రికనే నడపవలసి వచ్చింది. ఆమె కష్టాలకు మూలకారణం ఇదే.

తొలి సంవత్సరాలలో వ్యవహారమంతా సక్రమంగానే సాగింది. ఫలానా పెద్దమనిషి ఫలానా అక్రమం చేశాడని ఆమె ఋజువులతో రాసేవారు. ఆ పెద్దమనిషి తాలూకు మనుషులు వచ్చి అచ్చుయంత్రం చక్రాన్ని విరగ్గొట్టి పోయేవారు. కమ్మరి వచ్చి అతికేవాడు. తరువాతి సంచికలో ఆమె విరిగిన చక్రం సంగతిని కూడా కలిపి రాసేవారు. ఈలోగా, ఊరందరి ముందూ పరువు పోయిన ఆ పెద్దమనిషి మొహం చెల్లక, తిన్నదానిలో కొంతైనా కక్కేవాడు. ఒక రోడ్డు మీద కంకర పడేది. ఒక వీధి దీపంలో కిరసనాయిలు కనిపించేది. ఉభయపక్షాలకూ తమ తమ కర్తవ్యం స్పష్టంగా తెలిసిన కాలమది.

ఆ కాలాన్ని ఒక సర్కులరు అంతం చేసింది.

“ఏ పురపాలక సంఘమందు అక్రమములు బహిర్గతమగుచున్నవో, ఆ సంఘము సజీవముగాను, ప్రగతిశీలముగాను ఉన్నట్లు ప్రభుత్వమువారు భావించెదరు. బహిర్గతము చేయువారిని సముచితరీతిని ప్రోత్సహింపవలెను” అని అందులో ఉంది. బహిర్గతమైన అక్రమాన్ని తరువాత ఏం చేయాలన్నది మాత్రం అందులో లేదు.

సంఘాధ్యక్షులు రావుబహదూర్ విజయగోపాలరాజుగారు ఆ సర్కులరును సభలో చదివించి, కళ్లు మూసుకుని విన్నారు. దివాన్‌బహదూర్ బిరుదు మీద ఆయనకు చిరకాలంగా మనసు.

“ప్రోత్సహించడమంటే ఏం చెయ్యాలయ్యా?” అని సెక్రటరీ భైరవమూర్తిగారిని అడిగారు.

“శాలువా కప్పవలసి ఉంటుందండి.”

“మరి ఆ అక్రమాన్నో?”

“దాని విషయమై ప్రభుత్వమువారు మౌనము వహించియున్నారు. వారు మాట్లాడనిచోట మనము మాట్లాడుట అవిధేయత కాగలదు.”

తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఈ సంగతులేవీ తెలియని సువర్చలమ్మగారు అదే సమయానికి స్త్రీల ఆసుపత్రిలో గోడ నాకుతున్నారు.

ఆమెను అక్కడికి పిలిపించినది పెద్దనర్సు మార్తమ్మ. కొత్తగా కట్టిన పురుళ్ల వార్డులో గోడలు ఎండాకాలంలోనే చెమ్మగిల్లుతున్నాయి. గోడలనుంచి గచ్చు పెచ్చులుగా ఊడి ఉయ్యాలల్లో పడుతోంది. కప్పును మోసే దూలాల కింద వేలు పెడితే సున్నం పిండిలా రాలుతోంది.

“చూడండమ్మగారూ, పొద్దున్నే పసిపిల్ల కళ్లలోంచి ఇంత సున్నం తీశాను. డాక్టరుగారికి చెపితే ఉయ్యాల జరపమన్నారు. ఎక్కడికి జరపనమ్మా? నాలుగు పక్కలా గోడలే” అంది మార్తమ్మ.

సువర్చలమ్మగారు కళ్లజోడు సవరించుకుని గోడను పరిశీలించారు. వేలితో గీకారు. తరువాత, మంచాల మీది బాలింతలంతా చూస్తుండగా, తెల్లచీర కొంగు భుజం మీదికి బిగించుకుని, గంభీరంగా ముందుకు వంగి గోడకు నాలుక తగిలించారు.

“ఉప్పు” అన్నారు.

ఏటి ఇసుక కోసం కోసెడు దూరం బళ్లు తోలడం ఎందుకని కంట్రాక్టరు పైడిశెట్టి ఎదురుగా ఉన్న సముద్రపు ఒడ్డునుంచే ఇసుక ఎత్తించి ఆసుపత్రి కట్టాడు. బండ్ల జాడలు ఒడ్డునుంచి ఆసుపత్రి వరకూ ఇంకా చెరగలేదు. ఉప్పిసుకతో కలిపిన సున్నం గట్టిపడదు. తుపాను వానలు ఒక్క రాత్రి పట్టి కురిస్తే ఆ గోడలు నిలబడవు. రేవు ఊరిలో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియదని చెప్పగలిగినది ఇంజనీరింగు శాఖ ఒక్కటే.

ఆమె ఆ వారమే రాశారు. కంట్రాక్టరు పేరు రాశారు. ఇసుక చూసి కూడా కళ్లు మూసుకున్న సంఘం పేరు రాశారు. తుపాన్ల కాలం రాకముందే వార్డు ఖాళీ చేయించాలని రాశారు. కంపోజిటరు ఎర్రయ్యను పిలిచి, చక్రాన్ని విప్పి లోపల దాచమన్నారు.

పత్రిక వెలువడిన సాయంత్రం వీధి చివర కలకలం వినిపించింది. ఎర్రయ్య దుడ్డుకర్ర తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మగారూ, చాలామందే వస్తన్నారు. సన్నాయి కూడా తెస్తన్నారండి.”

“సన్నాయి దేనికి?”

“మనల్ని కొట్టినప్పుడు కేకలు వినపడకుండా అయ్యుంటాదండి.”

అది నిజం కాదు. ముందు సన్నాయి మేళం, వెనక పూలదండల పళ్లెం, దాని వెనక రావుబహదూర్‌గారు, ఆయన పక్కన భైరవమూర్తిగారు, అందరికన్నా వెనక, కొత్త పంచె కట్టుకుని, సాక్షాత్తూ పైడిశెట్టి. సువర్చలమ్మగారు నోరు తెరిచేలోగా ఆమె భుజాల మీద ఒక శాలువా పడింది. మెడలో దండ పడింది. ఒక పండితుడు ఆమె నాలుకను హంసతో పోలుస్తూ సీసపద్యం అందుకున్నాడు. పాలను నీటినుంచి వేరు చేసే హంస వలె ఈమె ఏటి ఇసుకను సముద్రపు ఇసుకనుంచి వేరు చేసిందని దాని సారాంశం. అందరూ చప్పట్లు కొట్టారు. పైడిశెట్టి అందరికన్నా గట్టిగా కొట్టాడు.

“వార్డు ఎప్పుడు ఖాళీ చేయిస్తారు?” అని ఆమె దండ తీస్తూ అడిగారు.

“ఏ వార్డండీ?” అన్నారు రావుబహదూర్‌గారు.

భైరవమూర్తిగారు ఫైలు తెరిచి వినయంగా చూపించారు. ‘విషయము: స్త్రీల ఆసుపత్రి గోడలు. తీసికొనిన చర్య: సన్మానించడమైనది. ఫైలు మూసివేయవచ్చును.’

“నేను అడిగినది సన్మానం కాదు, న్యాయం” అన్నారామె.

“అమ్మగారు మరల సెలవిచ్చినచో మరల సన్మానించుటకు సంఘమువారు సర్వదా సిద్ధముగా నున్నారు” అన్నారు భైరవమూర్తిగారు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఆమె మళ్లీ రాశారు. మళ్లీ శాలువా వచ్చింది. కఠినంగా రాశారు, జరీ అంచు శాలువా వచ్చింది. సంఘాన్ని హంతక సంఘమని రాశారు. ఏనుగు మీద ఊరేగిస్తామని కబురు వచ్చింది. ఏనుగు దొరకలేదు గాని, దొరకనందుకు సంఘం తన విచారాన్ని తెలియజేసింది. ఆమె ఇంట్లో శాలువాలు దండెం మీద పట్టక కుర్చీల మీద, కుర్చీల మీద పట్టక అచ్చుకాగితం కట్టల మీద పేరుకున్నాయి. వార్డులో మాత్రం గోడలు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

ఒకనాడు పైడిశెట్టి ఆమె గుమ్మంలోకి వచ్చి నిష్ఠూరంగా నిలబడ్డాడు.

“అమ్మగారో, ఒక్క మాట అడగతాను, కోపం సేసుకోకండి. ఇసక ఎవులిది?”

“సముద్రానిది.”

“ఎత్తించినోడు ఎవుడు? నానే కదా! నాను ఎత్తించకపోతే తమరేటి రాసీవోరు? ఏటి బయటపెట్టీవోరు? తమరికేమో శాలవల మీద శాలవలు. నాకేమో ఓ కండవా కూడా నేదు. ఇది న్యాయమేనా? తమరు న్యాయం న్యాయం అంటారు గదా!”

ఈ వాదనలోని బలాన్ని సంఘం వెంటనే గుర్తించింది. అక్రమం లేనిదే బహిర్గతం లేదు, బహిర్గతం లేనిదే ప్రగతి లేదు. కావున ప్రగతికి ఆద్యుడు అక్రమకారుడే అని భైరవమూర్తిగారు ఒక నోటు తయారుచేశారు. పైడిశెట్టికి పురమందిరంలో శాలువా కప్పి ‘బహిర్గతభూషణ’ అన్న బిరుదు ఇచ్చారు. అతడు ఆనందబాష్పాలు తుడుచుకుంటూ, ఈ గౌరవం తనది కాదనీ, తన ఇసుకను నమ్మిన ఇంజనీరుగారిదనీ సవినయంగా మనవి చేశాడు. అతనికి ఆడపిల్లల బడి కంట్రాక్టు అప్పటికే ఉండగా, దానితోపాటు దీపస్తంభం మరమ్మతు కూడా ఇచ్చారు.

ఆ తరువాత ముత్యాలరేవులో మర్యాదస్థుల కొలమానమే మారిపోయింది. సూదిమొనలో పేరు పడిన గుమాస్తాకు పెళ్లి సంబంధాలు ఎదురు వచ్చాయి. పేరు పడని గుమాస్తాను చూసి, “పాపం, ఆయన కుర్చీలో ఏమీ లేదుట” అని ఆడవాళ్లు నీళ్లరేవు దగ్గర గుసగుసలాడుకునేవారు. ఆఫీసుల్లో ప్రమోషన్లకు బహిర్గతమైన వారి పేర్లనే పంపేవారు. ఋజువులు సంపాదించడానికి ఒకప్పుడు నెలల తరబడి తిరిగిన సువర్చలమ్మగారి గుమ్మం ముందు ఇప్పుడు తమ ఋజువులు తామే మూటగట్టుకుని వచ్చినవారు బారులు తీరారు.

వారిలో శానిటరీ ఇన్‌స్పెక్టరు అవధానిగారు అందరికన్నా దయనీయమైన వ్యక్తి. చేపల బజారు ఆయన అధీనంలో ఉండేది. సముద్రతీరంలో ఈగ వాలని చేపల బజారు అదొక్కటే అనడంలో అతిశయోక్తి లేదు.

“అమ్మా, నా మీద నాలుగు ముక్కలు రాయండి” అన్నారాయన, ఉత్తరీయంతో కళ్లొత్తుకుంటూ.

“ఏం చేశారు మీరు?”

“అదేనమ్మా వచ్చిన చిక్కు. ఏమీ చెయ్యలేదు. మావిడ ఇంట్లో అన్నం పెట్టడం మానేసింది. మీకు చేతకాదా, మనసు రావడం లేదా అని అడుగుతోంది.”

“ప్రయత్నించారా?”

“ప్రయత్నించానండీ. మొన్న బజారులో ఒక పెద్ద వంజరం చేపను ఊరికే తీసుకున్నాను.”

సువర్చలమ్మగారు ఆశ్చర్యపోయి కలం తీశారు. “తీసుకుని?”

“మేం తినం కదండీ. ఏం చెయ్యాలో తోచక తిరిగి ఆ బుట్టలోనే పెట్టేశాను.”

ఆమె కలం మూసేశారు. “అవధానిగారూ, మీరు నిర్దోషులు. నేను లేనిది రాయను.”

“అలా అనకండమ్మా!” అని ఆయన చేతులు జోడించారు. “ఉద్యోగం పోతుంది!”

ఉద్యోగం పోలేదు గాని అంతకన్నా ఎక్కువే జరిగింది. ముత్యాలరేవు ఖ్యాతి రాజధాని వరకూ పాకింది. ప్రతి శాఖా, ప్రతి కట్టడమూ ఏటా కనీసం ఒక అక్రమాన్నైనా బహిర్గతపరచాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. దాని అమలుకు సంఘంలో బహిర్గత శాఖ ఏర్పడింది. భైరవమూర్తిగారు దానికి అధిపతి అయ్యారు. చేపల బజారునుంచి ఏమీ రాకపోవడం చూసి ఆయన తీవ్రంగా కలత చెంది, ఒక కొత్త నిబంధన రాయించారు:

‘ఏ కట్టడమునందైనను అక్రమము లేదని తెలియవచ్చినచో, అక్రమమును మిక్కిలి నేర్పుతో దాచినట్లు భావించి, అందలి వారినెల్లరను తత్‌క్షణమే సురక్షిత ప్రదేశమునకు తరలించి, పునాది పర్యంతము శోధించవలెను.’

మరునాటి ఉదయమే చేపల బజారు ఖాళీ అయింది. సాధారణంగా ఒక మురుగుకాలువ తవ్వడానికి రెండు వేసవులు తీసుకునే సంఘం, కూలీలను, పలుగులను, బళ్లను దించి, మధ్యాహ్నానికల్లా బజారు నేలను తవ్వి పోసింది. చేపలమ్ముకునేవారికి నీడ ఉన్న చోటు చూపించింది. మంచినీళ్ల కుండలు పెట్టింది. తవ్వగా తవ్వగా లోపల మంచి ఏటి ఇసుక, గట్టి సున్నం, సరైన కొలతల రాయి మాత్రమే కనిపించాయి. అవధానిగారు గోతి ఒడ్డున కూర్చుని, తల చేతుల్లో పెట్టుకుని, “క్షమించండి, క్షమించండి” అంటూ ఉన్నారు.

ఆ గుంపులో నిలబడి సువర్చలమ్మగారు ఇదంతా చూశారు. ముఖ్యంగా, సంఘం కదిలిన వేగాన్ని చూశారు.

అప్పటికి రేవు కచేరీ మీద తుపాను జెండా ఎగరవేశారు. పురుళ్ల వార్డులో ఒక దూలం జానెడు కిందికి జారి, మంచం మీద ఉన్న బాలింత తలకు సరిగ్గా పైన ఆగింది. మార్తమ్మ పరుగున వచ్చింది.

“ఈ రెండు మూడు రోజుల్లో వాన పడుతుందమ్మగారూ. మంచాలు వరండాలోకి లాగితే డాక్టరుగారు కేకలేశారు. ఆర్డరు లేనిదే ఒక్క మంచం కదపకూడదంట. ఎవరినైనా అడగండమ్మా. మీకు పుణ్యముంటుంది.”

ఆమె తిన్నగా రావుబహదూర్‌గారి బంగళాకు వెళ్లారు. ఆయన కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఎంతో ఆదరంగా మాట్లాడారు.

“ఆ వార్డును కదపడం ఎలా కుదురుతుందండీ? అది మన ఊళ్లో మొట్టమొదట బహిర్గతమైన కట్టడం. దానివల్లే మనకు రాజధానిలో ఇంత పేరు. వచ్చే నెలలో గవర్నరుగారు దాన్ని చూడడానికి వస్తున్నారు. గోడ నాకిన చోట పాలరాతి ఫలకం కూడా పెట్టిస్తున్నాం.”

“దూలం జారిందండీ. లోపల బాలింతలున్నారు. పసికందులున్నారు.”

“అలాగా! రాయండి. తప్పకుండా రాయండి. ఈసారి కాశ్మీరు శాలువా తెప్పిస్తాను.”

“రాజుగారూ, ఆ దూలం పడితే?”

ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన దుర్మార్గుడు కాదు. అటువంటి ఆలోచన రావడం వల్ల ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. “పడితే అదీ బహిర్గతమైనట్టే కదండీ” అన్నారు చివరికి, కొంత ఊరట పొందుతూ.

సువర్చలమ్మగారు ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఆమె చదువుకున్న కాన్వెంటులో అబద్ధమాడిన పిల్లల నోటిని చాకలి సబ్బుతో కడిగించేవారు. ఆమె నోటిని కడగవలసిన అవసరం ఎవరికీ ఎన్నడూ రాలేదు. ఇరవై ఏళ్లుగా సూదిమొనలో ఋజువు లేని వాక్యం ఒక్కటైనా పడలేదు. ఒకసారి వానను ‘కుంభవృష్టి’ అని రాసి, కొలిపించి చూశాక, తరువాతి సంచికలో ‘మోస్తరు వాన’ అని సవరణ వేసిన మనిషి ఆమె. ఆమె కాగితం దగ్గరకు తీసుకున్నారు, దూరం జరిపారు, మళ్లీ దగ్గరకు తీసుకున్నారు. కిటికీలోంచి తడి గాలి వీచి కాగితం అంచు లేచింది. అప్పుడామె దాని మీద చెయ్యి అదిమిపెట్టి రాయడం మొదలుపెట్టారు.

ఎర్రయ్య అచ్చుకూర్పుకు కాగితం అందుకుని, చదివి, ఆమె ముఖం చూసి, మళ్లీ చదివాడు.

“అమ్మగారూ, ఇది మన పత్రికకేనాండి?”

“మన పత్రికకే.”

“ఒంట్లో బాగానే ఉందాండి?”

“కూర్చు ఎర్రయ్యా. అక్షరదోషాలు లేకుండా కూర్చు. దోషం ఒక్కటే ఉండాలి.”

మరునాడు ఊరంతా చదివినది ఇది: ‘స్త్రీల ఆసుపత్రి పురుళ్ల వార్డులో అక్రమమేమియు లేదు. కంట్రాక్టరు పైడిశెట్టి ఏటి ఇసుకనే వాడినాడు. గోడలు దృఢముగా ఉన్నవి. సంఘమువారు తమ విధిని నిర్వర్తించినారు. ఇదివరలో మేము రాసినదంతయు పొరపాటు.’

మొదట వచ్చినవాడు పైడిశెట్టి. అతనికి కోపంలో మాట తడబడింది.

“ఏటమ్మా ఇది! నానేటి సేశాను తమరికి? నడిబజారులో నా పరువు తీసీసినారు! నాను ఏటి ఇసక వాడినానా? నా జన్మలో వాడినానా? రేపు నా మొహం ఎవులికి సూపించుకోను? అల్లుడి తరపోళ్లు అప్పుడే కబురెట్టీసినారు, ‘మీరు నిజాయితీగా కట్టినారంట గదా’ అని!”

“ఎవరైనా మిమ్మల్ని నిజాయితీపరులంటే మీకు ఇంత బాధగా ఉంటుందని నాకు తెలియదు” అన్నారామె.

“కోర్టుకెళ్తాను! పరువునష్టం దావా ఏస్తాను!”

రెండవవారు రావుబహదూర్‌గారు. ఆ రాతను వెనక్కి తీసుకోమని అడగడానికి వచ్చిన ఆయన వెంట సన్నాయి మేళం లేదు. బహిర్గత శాఖ వారు మాత్రం ఆయనకన్నా ముందే ఆసుపత్రికి బయలుదేరారు. నిబంధన నిబంధనే; దానికి మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. ఖ్యాతికెక్కిన కట్టడంలో అక్రమమే లేదని తేలితే, అది ఎంత గొప్ప నేర్పుతో దాచినదై ఉండాలి! భైరవమూర్తిగారు స్వయంగా వార్డు గుమ్మంలో నిలబడి, “అందరును తక్షణము సురక్షిత ప్రదేశమునకు తరలవలెను! మంచముతో సహా! ఉయ్యాలతో సహా!” అని ఆజ్ఞలు జారీ చేశారు. కూలీలు మంచాలు మోశారు. డాక్టరుగారు ఉయ్యాలలు మోశారు. ఊరిలో సురక్షితమైన కట్టడం ఏదని వెతికితే, ఎప్పుడో తాతల కాలంలో ఏటి ఇసుకతో కట్టిన పురమందిరం ఒక్కటే కనిపించింది. సన్మానాల వేదిక మీద బాలింతలు పడుకున్నారు. అధ్యక్షుల వెల్వెట్ కుర్చీలో, ఇంకా పేరు పెట్టని ఒక ఆడపిల్ల నిద్రపోయింది. మార్తమ్మ సువర్చలమ్మగారి ఇంటికి మనిషిని పంపి, శాలువాలన్నీ తెప్పించి, ఉయ్యాలల్లో పరిచింది.

ఆసుపత్రి దగ్గర శోధన మొదలైంది. శోధన అనడం కూడా సరికాదు. మొదటి కూలీ పలుగును గోడకు ఆనించి, దమ్ము కొట్టడానికి చుట్ట వెలిగించుకుంటూ పక్కకు వెళ్లాడు. పలుగు తనంతట తానే గోడలోకి దిగింది. ఆ తరువాత గోడ దిగింది. దాని వెనక కప్పు దిగింది. రెండు దూలాలు ఒకదాని మీద ఒకటి పడి, ఉయ్యాలలు వేలాడిన కొక్కేలను నేలలోకి తొక్కేశాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు. వాన సాయంత్రానికి గాని మొదలుకాలేదు.

“దొరికింది!” అని భైరవమూర్తిగారు దుమ్ములోంచి సంతోషంగా కేక వేశారు. “అక్రమము దొరికినది!”

అక్రమం దొరకడంతో, అది లేదని రాసిన సువర్చలమ్మగారు నేరస్థురాలు అయ్యారు. ముత్యాలరేవు చరిత్రలో అక్రమాన్ని దాచిపెట్టినందుకు విచారణ ఎదుర్కొన్న మొదటి వ్యక్తి ఆమె. అక్రమం చేసినవాడు, చూసి ఊరుకున్నవారు, శాలువాతో కప్పినవారు అందరూ ప్రాసిక్యూషను తరఫు సాక్షులు. సబ్‌మేజిస్ట్రేటుగారి కోర్టు ఆనాడు కిక్కిరిసిపోయింది.

సాక్షి బోనులో పైడిశెట్టి కంటతడి పెట్టాడు. “సముద్రపు ఒడ్డునుంచే ఎత్తించినాను, దొరా! పెమాణపూర్తిగా సెప్తన్నాను. ఒక్క గంపెడైనా ఏటి ఇసక కలపనేదు. అలాటోణ్ని పట్టుకుని...” శాలువా చెంగుతో కళ్లొత్తుకున్నాడు. కోర్టులో చాలామంది నిట్టూర్చారు.

సబ్‌మేజిస్ట్రేటుగారు కళ్లజోడు మీదుగా సువర్చలమ్మగారిని చూశారు.

“గోడలో ఉప్పు ఉన్నదని మీకు తెలుసునా?”

“తెలుసు. రుచి చూశాను.”

“తెలిసి కూడా లేదని రాశారా?”

“రాశాను.”

“ఎందుకు?”

“ఉందని ఎన్నోసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ నాకు శాలువా వచ్చింది. లేదని ఒక్కసారి రాశాను. బాలింతలు బయటికి వచ్చారు.”

సబ్‌మేజిస్ట్రేటుగారు కలం అంచుతో నుదురు రుద్దుకున్నారు. ఆయన భార్య కూడా ఆ నెలలోనే పురుడు పోసుకోవలసి ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా చట్టం ఆయన చేతిలో లేదు. ఆయనే దాని చేతిలో ఉన్నారు.

“నేరం ఒప్పుకుంటున్నారన్నమాట.”

“ఒప్పుకుంటున్నాను. అబద్ధం అబద్ధమే. శిక్ష తగ్గించమని అడగను.”

తీర్పు చదువుతుండగా ఆయన గొంతు కొంచెం తగ్గింది. ‘ముద్దాయి ప్రజలను తప్పుదారి పట్టించి, పురపాలక సంఘము యొక్క అక్రమ ప్రతిష్ఠకు భంగము కలిగించినది రుజువైనది. కావున, యావజ్జీవము ఆమెకు ఎట్టి శాలువాయు, దండయు, బిరుదమును, పద్యమును ఇవ్వరాదని ఇందుమూలముగా ఆజ్ఞాపించడమైనది.’

ఇంత కఠినమైన శిక్ష పడుతుందని ఎవరూ అనుకోలేదు. రావుబహదూర్‌గారు సైతం తల దించుకున్నారు.

“దీనిమీద ఎవరైనా అప్పీలు చేసి రద్దు చేయించగలరా?” అని సువర్చలమ్మగారు అడిగారు.

“చేయించలేరు.”

“కోర్టువారికి కృతజ్ఞురాలిని” అని ఆమె చేతులు జోడించారు.

ఆమె మెట్లు దిగి వస్తున్నప్పుడు మనసులో ఒక నిర్ణయం స్థిరపడింది. అవసరం తీరింది, అబద్ధం ఒక్కటే, అదే చివరిది. ఇక తిరిగి నిజమే రాయాలి. కోర్టు ఆవరణలో రేవు ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాన వెలిసి నేలంతా బురదగా ఉంది. వాళ్లలోంచి పోలమ్మ అనే జాలరి మనిషి, చంకలో పసిబిడ్డతో ముందుకు వచ్చింది. పురమందిరం వేదిక మీద కన్నది ఆ బిడ్డనే.

“అమ్మగారో, ఓ మాట.”

“చెప్పమ్మా.”

“మా పెద్ద గుంట ఆడపిల్లల బడికి ఎల్తాది. అది కూడా ఆ పైడిశెట్టే కట్టినాడు, ఆ ఒడ్డు ఇసకతోనే. తుపాను ఇంకా పోనేదంతన్నారు.” పోలమ్మ బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. “ఆ బడి సానా బాగుందని ఎప్పుడు రాస్తారమ్మా?”

సువర్చలమ్మగారు ఆ బిడ్డ ముఖంలోకి చూశారు. తరువాత కొంగు బిగించుకుని, అచ్చాఫీసు వైపు నడుస్తూ అన్నారు:

“ఈ వారమే.”